సంఘం డబ్బు సంఘం పేరునే ఉండాలి

రెండు తెలుగు రాష్ట్రాల్లో యువజన సంఘం లేని ఊరు వెతికితే గాని దొరకదు. వినాయక చవితి పందిరి, సంక్రాంతి క్రికెట్ పోటీలు, రక్తదాన శిబిరం, ఎండాకాలం చలివేంద్రం, పదో తరగతి పిల్లలకు సాయంత్రం చదువులు, వరదలొస్తే బియ్యం మూటలు. ఇవన్నీ జీతం భత్యం లేకుండా కుర్రాళ్ళూ అమ్మాయిలూ తమ తీరిక సమయం పెట్టి చేస్తున్న పనులు. వీటికి డబ్బు కావాలి. ఊరు ఇస్తోంది, ఊరు వదిలి వెళ్ళినవాళ్ళు ఇంకా ధారాళంగా ఇస్తున్నారు. ఆ డబ్బు చేరేది మాత్రం సంఘంలో కాస్త చురుగ్గా తిరిగే ఒక కుర్రాడి సొంత బ్యాంకు ఖాతాకి. అతని ఫోన్ నంబరే సంఘం నంబరు, అతని క్యూఆర్ కోడే హుండీ. సంఘం పేర ఖాతా తెరవండి, ఇద్దరి సంతకం పెట్టండి అని ఎవరైనా అంటే, "మనలో మనకి లెక్కలేమిటి, నమ్మకం లేకపోతే సంఘమెందుకు" అన్న జవాబు తక్షణం వస్తుంది. కుర్రాళ్ళే కాదు, చందా ఇచ్చే పెద్దలూ అదే అంటారు. ఖాతా అంటే తతంగమని, రెండు సంతకాలంటే అనుమానమని, సేవ చేసేవాళ్ళని కాగితాలతో వేధించకూడదని ఒక అభిప్రాయం మనలో గట్టిగా పాతుకుపోయింది. అది మంచి మనసుతో పుట్టిన అభిప్రాయమే. అయినా తప్పు. పైగా దానివల్ల మొదట దెబ్బతినేది మనం నమ్మి డబ్బు చేతికిచ్చిన ఆ కుర్రాడే. ఈ విషయం చాలామంది గమనించడం లేదు.

బ్యాంకు దృష్టిలో, చట్టం దృష్టిలో సంగతి ఎలా ఉంటుందో ముందు చూద్దాం. ఒక వ్యక్తి సేవింగ్స్ ఖాతాలో లక్షా ఇరవై వేలు ఉంటే, ఇందులో ఎనభై వేలు ఊరి చందా, నలభై వేలు అతని జీతం అని బ్యాంకు రికార్డులో ఎక్కడా ఉండదు. మొత్తం అతనిదే. అతను రెండు చక్రాల బండి కోసం తీసుకున్న అప్పు వాయిదా ఐదో తారీఖున ఆటోమేటిక్‌గా తెగుతుంది. ఆ నెల జీతం ఆలస్యమైతే తెగేది చందా డబ్బులోంచే. అప్పు మొండిబకాయి అయితే బ్యాంకు ఇంకో అడుగు ముందుకు వేయగలదు. బకాయి ఉన్న ఖాతాదారుడి సొమ్ము తన దగ్గరుంటే దాన్ని పట్టి ఉంచుకునే హక్కు 1872 నాటి కాంట్రాక్టు చట్టం 171వ సెక్షన్ బ్యాంకర్లకు ఇచ్చింది. ఈమధ్య దీనికి మరో ప్రమాదం తోడయింది. ఎవరో సైబర్ మోసగాడు దోచిన డబ్బు చేతులు మారి మారి అందులో ఐదొందలు మన కుర్రాడి ఖాతాలో పడితే, బాధితుడు 1930 నంబరుకు ఫోన్ చేసిన తర్వాత ఆ గొలుసులోని ఖాతాల మీద ఆంక్ష పడవచ్చు. అందరి ముందూ పెట్టిన క్యూఆర్ కోడ్‌కి ఎవరెవరో డబ్బు పంపుతారు గనుక ఈ ప్రమాదం ఇలాంటి ఖాతాలకు మరీ ఎక్కువ. కుర్రాడి తప్పేమీ ఉండదు. కానీ పండగ రేపనగా పందిరి వేసినవాడికి ఇవ్వాల్సిన డబ్బు కదలదు, అతని ఇంటి సరుకుల డబ్బూ దాంతోపాటే ఇరుక్కుపోతుంది. సంఘం పేర ఖాతా ఉంటే ఆంక్షలే పడవని నేను అనడం లేదు. పడ్డప్పుడు సంఘం మొత్తం తీర్మానంతో, జమల చిట్టాతో బ్యాంకుకి వెళ్ళి జవాబు చెప్పుకోగలదు. ఒక కుర్రాడు ఒంటరిగా పోలీస్ స్టేషన్ల చుట్టూ తిరిగే దుస్థితి తప్పుతుంది.

ఇంతకన్నా బరువైన సంగతి ఒకటుంది. ఆ కుర్రాడికి ఏదైనా జరిగితే ఆ డబ్బు ఎవరిది? నామినీగా ఇంకో సభ్యుడి పేరు రాయించాం, భయం లేదు అనేవాళ్ళున్నారు. నామినీ ఆ డబ్బుకి యజమాని కాడు. బ్యాంకు నుంచి తీసుకుని చట్టబద్ధమైన వారసులకు అప్పగించాల్సినవాడు మాత్రమే. బ్యాంకు డిపాజిట్ల విషయంలో సుప్రీంకోర్టు 2010లోనే రాంచందర్ తల్వార్ కేసులో ఈ మాట తేల్చి చెప్పింది. అంటే కొడుకుని పోగొట్టుకున్న తల్లిదండ్రుల దగ్గరికి వెళ్ళి, మీవాడి ఖాతాలో మా డెబ్బై వేలున్నాయి అని సంఘం అడగాలి. వాళ్ళు నమ్మాలి, లేదా నమ్మకపోవాలి. నమ్మకపోతే వాళ్ళని తప్పు పట్టడానికి కూడా ఆధారం ఉండదు. ఇరవై రెండేళ్ళ కుర్రాడికి ఇలాంటివి ఎందుకు ఊహించాలంటారు. మన రోడ్లమీద ప్రమాదాల్లో పోతున్నవాళ్ళలో చాలామంది యువకులే. నమ్మకం మీద నడిచిన సంఘం ఒక ఇంటి దుఃఖంలోకి అప్పులవాడిలా అడుగుపెట్టాల్సి రావడం కన్నా అవమానం ఏముంటుంది?

ఖాతా అంటూ తెరిస్తే ఇన్‌కం టాక్స్ వాళ్ళు వెంటపడతారన్న భయం కూడా బాగా ప్రచారంలో ఉంది. నిజానికి సంగతి దీనికి తలకిందులు. సొంత సేవింగ్స్ ఖాతాలో ఏడాదికి పది లక్షలు, అంతకు మించి నగదు జమ అయితే బ్యాంకు దాన్ని ఆదాయపు పన్ను శాఖకు నివేదించాలి. చాలా సంఘాలు అంత దూరం పోవు. కానీ చిన్న మొత్తాల యూపీఐ జమలు కూడా ఎవరి కంటా పడవనుకునే కాలం పోయింది. 2025 జులైలో కర్ణాటక వాణిజ్య పన్నుల శాఖ యూపీఐ జమలను లెక్కగట్టి చిరువ్యాపారులకు నోటీసులు పంపినప్పుడు బెంగళూరులో కూరగాయల కొట్లవాళ్ళు, బేకరీలవాళ్ళు క్యూఆర్ కోడ్‌లు పీకేసి నగదే ఇవ్వమన్నారు. అక్కడి గొడవ జీఎస్టీది, మన సంఘాలకు అది నేరుగా వర్తించేది కాదు. కానీ పాఠం ఒకటే. ఖాతాలో పడిన ప్రతి రూపాయినీ యంత్రం ఆ ఖాతాదారుడి రూపాయిగానే లెక్కిస్తుంది. అది దేవుడి పందిరికి వచ్చిందో, పిల్లల నోటుపుస్తకాలకు వచ్చిందో దానికి తెలియదు. రేపు ప్రశ్న వస్తే జవాబు చెప్పాల్సినవాడు ఆ పాన్ కార్డు ఎవరిదో వాడే. సంఘానికి తన పేర పాన్ ఉండి, తన పేర ఖాతా ఉండి, వచ్చిందీ పోయిందీ పుస్తకంలో ఉంటే ఆ ప్రశ్న సంఘానికి వస్తుంది. సంఘం దగ్గర జవాబూ ఉంటుంది. పన్ను భయమున్నవాళ్ళు ఖాతా నుంచి పారిపోకూడదు, ఖాతాలోకి రావాలి.

ఇక అసలు వాదన, నమ్మకం. రెండు సంతకాలు అడగడం అవమానించడమే అంటారు. అవమానం ఎటువైపు జరుగుతోందో చూడాలి. ఊళ్ళో చందా లెక్కల మీద గొడవ ఎలా మొదలవుతుందో తెలిసినవాళ్ళకి తెలుసు. ఎవరూ ఎదురుగా వచ్చి దొంగా అనరు. కొత్త ఫోన్ కొన్నాడట, ఎక్కడిది డబ్బు అని టీ కొట్టు దగ్గర ఒకడంటాడు. పంచాయతీ ఎన్నికలు దగ్గరపడేసరికి అదే మాట ఒక వర్గం నోట ఆరోపణ అవుతుంది. కుర్రాడు పైసాతో సహా నిజాయితీగా ఖర్చుపెట్టి ఉండవచ్చు. నిరూపించుకోవడానికి అతని దగ్గర ఏముంది? బ్యాంకు స్టేట్‌మెంట్ తీసి చూపిస్తే అందులో తన జీతం, అక్కకి పంపిన డబ్బు, ఆసుపత్రి బిల్లు, సినిమా టికెట్లు, ఊరి చందా అన్నీ ఒకే వరసలో కలిసిపోయి ఉంటాయి. నిర్దోషిత్వం చూపాలంటే తన బతుకంతా ఊరి ముందు పరచాలి. పరిచినా అనుమానం తీరదు. సంఘం పేర ఉన్న ఖాతాలో ఈ చిక్కే రాదు. తీసిన ప్రతిసారీ ఇంకొకరు సంతకం పెట్టారు, ఫలానా తేదీ తీర్మానం ఉంది, ఫలానా ఓచరు ఉంది అని ఒక్క మాటలో తేలిపోతుంది. రెండో సంతకం మొదటివాడికి సాక్షి. ఆ కుర్రాడి మీద నిజంగా ప్రేమా నమ్మకమూ ఉన్నవాళ్ళు అందరికన్నా ముందు అడగాల్సింది ఈ సాక్షినే. అతను నిజాయితీపరుడని మన మనసుకి తెలిస్తే చాలదు. అతని మీద గిట్టనివాడు కూడా కాదనలేని స్థితి అతనికి మనం కల్పించాలి.

డబ్బు తినేసినవాడి సంగతీ చెప్పుకోవాలి. అలాంటివాళ్ళు తక్కువే, లేకపోలేదు. అప్పగించిన సొమ్మును సొంతానికి వాడుకుంటే నేరపూరిత విశ్వాసఘాతుకం. పాత శిక్షాస్మృతిలో 406, ఇప్పటి భారతీయ న్యాయ సంహితలో 316వ సెక్షన్. కానీ కేసు నిలవాలంటే ఏ సొమ్ము, ఎంత, ఏ పనికని అప్పగించారో చూపాలి. సొంత ఖాతాలో కలిపేసుకోమని మనమే చెప్పి, రసీదు పుస్తకం కూడా లేకుండా, తర్వాత పోలీసులకు ఫిర్యాదు చేస్తే నిలబెట్టడం కష్టం. ఉత్త నమ్మకం మీద నడిచే ఏర్పాటు నిజాయితీపరుడిని కాపాడదు, మోసగాడిని పట్టించదు. రెండు పనులూ చేయలేని ఏర్పాటుని సత్సంప్రదాయం అనుకుని మోస్తున్నాం.

కుర్రాళ్ళకి ఇవన్నీ ఎక్కడ చేతనవుతాయి అనేవాళ్ళు మన గడ్డమీదే జరిగిన ఒక చరిత్ర గుర్తు తెచ్చుకోవాలి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలైన సారా వ్యతిరేక పోరాటం ఆ జిల్లా ఆడవాళ్ళని ఒకచోట చేర్చింది. ఆ కదలికలోంచే రోజుకో రూపాయి చొప్పున పొదుపు సంఘాలు లేచాయి. అదే సంవత్సరం నాబార్డు స్వయం సహాయక సంఘాలను బ్యాంకులతో కలిపే ప్రయోగం ప్రారంభించింది. డ్వాక్రా సంఘాలన్న పేరుతో అవి ఊరూరా పాకాయి. వాళ్ళలో చాలామందికి అప్పట్లో సంతకం కూడా రాదు, వేలిముద్రే. అయినా పదిమందో పదిహేనుమందో కూర్చుని, తమ సంఘం పేర ఖాతా తెరిచి, ఇద్దరు నాయకురాళ్ళ సంతకం లేకుండా డబ్బు తీయకూడదని కట్టుబాటు పెట్టుకున్నారు. క్రమం తప్పని సమావేశం, క్రమం తప్పని పొదుపు, లోపలి అప్పులు, సకాలంలో తిరిగి కట్టడం, పుస్తకాల నిర్వహణ అన్న పంచసూత్రాలు వాళ్ళకి కంఠతా వచ్చు. బ్యాంకు గడప తొక్కడానికి జంకిన ఆడవాళ్ళు మేనేజరు ముందు కుర్చీలో కూర్చుని తీర్మానం పుస్తకం బల్ల మీద పెట్టి మాట్లాడే స్థితికి వచ్చారు. రిజిస్టరైనా కాకున్నా ఈ సంఘాలకు సేవింగ్స్ ఖాతా తెరవవచ్చని రిజర్వు బ్యాంకు ప్రత్యేకంగా వీలు కల్పించింది. వాళ్ళు చేయగలిగింది ఇంజనీరింగ్ చదివిన కొడుకుకి, డిగ్రీ చదువుతున్న కూతురికి చేతకాదంటే ఎలా ఒప్పుకోవాలి? మహిళా సంఘాల్లోనూ మోసాలు జరగలేదా అని అడగవచ్చు. జరిగాయి. అక్షరం రాని సభ్యుల నమ్మకాన్ని వాడుకుని పుస్తకాలు రాసేవాళ్ళు డబ్బు దారి మళ్ళించిన వార్తలు పత్రికల్లో వస్తూనే ఉంటాయి. ఆ వార్తలు రాగలుగుతున్నాయంటేనే అక్కడ సరిపోల్చడానికి బ్యాంకు లెక్కంటూ ఒకటి ఉందన్నమాట. మోసం ఎప్పుడు, ఎంత జరిగిందో తేలుతోంది. యువజన సంఘాల్లో తేలడానికి ఏమీ ఉండదు, పుకారు తప్ప.

సంఘం పేర ఖాతా అడిగితే బ్యాంకులు తిప్పి పంపుతాయన్నది ఇంకో అభ్యంతరం. దీనిలో కొంత నిజముంది గనుక కాస్త వివరంగా చెప్పాలి. రిజిస్ట్రేషన్ లేకుండా సంఘానికి ఖాతాయే రాదన్నది సగం నిజం. ఖాతాదారుల గుర్తింపు మీద రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఆదేశాల ప్రకారం, నమోదు కాని సంఘాలకు కూడా ఖాతా తెరవవచ్చు. సంఘం తీర్మానం, లావాదేవీలు జరపడానికి ఫలానావారికి ఇచ్చిన అధికార పత్రం, సంఘం పేర పాన్ లేదా పాన్ లేనప్పుడు ఇచ్చే ధ్రువీకరణ ఫారం, ఆ వ్యక్తుల గుర్తింపు పత్రాలు, సంఘం ఉందని చూపే ఆధారం కావాలి. అయితే అలాంటి సంఘానికి దొరికేది మామూలుగా కరెంటు ఖాతా. వడ్డీ రాదు, కనీస నిల్వ తగ్గితే కోత పడుతుంది. సేవింగ్స్ ఖాతా కావాలంటే సొసైటీల చట్టం కింద నమోదు కావాలి. మన రెండు రాష్ట్రాల్లోనూ నడుస్తున్నది ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2001లో చేసిన సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం. ఏడుగురు సభ్యులుంటే చాలు. సంఘం ఉద్దేశాలు, నియమావళి రాసుకుని జిల్లా రిజిస్ట్రారు కార్యాలయంలో దాఖలు చేయాలి. ఏటా కార్యవర్గం పేర్లు పంపుతుండాలి. ఇది కొండ తవ్వడమేమీ కాదు. కుల ధ్రువీకరణ పత్రం కోసం, ఉపకార వేతనం కోసం ఆఫీసుల చుట్టూ ఎన్నోసార్లు తిరిగిన తరానికి ఇది అసలు లెక్కే కాదు. అయినా బ్యాంకు మేనేజర్లు చిన్న సంఘాలంటే ముఖం చిట్లిస్తారన్నది వాస్తవం. అది బ్యాంకుల తప్పు, గట్టిగా అడగాల్సిన తప్పు. మహిళా సంఘాలకు ఇచ్చిన వెసులుబాటే నమోదు కాని యువజన సంఘాలకూ ఇవ్వమని కోరడం న్యాయం. అంతవరకూ కుర్రాడి ఖాతాయే గతి అనడం మాత్రం న్యాయం కాదు.

రెండు సంతకాలతో పని సాగదన్నది అందరూ చెప్పే ఇబ్బంది. అధ్యక్షుడు హైదరాబాదులో ఉద్యోగానికి వెళ్ళాడు, కార్యదర్శి గల్ఫ్‌కో అమెరికాకో విమానం ఎక్కాడు, చెక్కు మీద ఎవరు సంతకం పెట్టాలి? దీనికి మనవాళ్ళు కనిపెట్టిన దారి మరీ ప్రమాదం. ఊరు వదిలి వెళ్ళేవాడు చెక్కుబుక్కులో పది ఆకుల మీద ముందే సంతకాలు పెట్టి ఇచ్చేస్తాడు. ఖాళీ చెక్కు మీద సంతకమంటే ఒక్క సంతకం ఖాతా కన్నా అన్యాయం. పైసా చూడకుండానే ప్రతి ఖర్చుకీ తను కూడా బాధ్యుడవుతాడు. సరైన దారి చాలా సులువు. ముగ్గురికి అధికారమిచ్చి వాళ్ళలో ఏ ఇద్దరు సంతకం పెట్టినా చెల్లుతుందని తీర్మానం రాయాలి. ఆ ముగ్గురిలో కనీసం ఇద్దరు ఊళ్ళో ఉండేవాళ్ళయి ఉండాలి. ముగ్గురూ ఒకే ఇంటివాళ్ళు కాకూడదు, ఒకే వీధివాళ్ళు కాకపోతే ఇంకా మంచిది. కార్యవర్గం మారిన వారంలోనే కొత్త తీర్మానం నకలు బ్యాంకులో ఇచ్చి పాత సంతకాలు తీసేయించాలి. సంఘాలు ఎక్కువగా బోల్తాపడేది ఇక్కడే. ఎన్నిక జరుగుతుంది, దండలు వేసుకుంటారు, ఫోటోలు దిగుతారు, బ్యాంకులో మాత్రం మూడేళ్ళ కిందటి అధ్యక్షుడి సంతకమే ఉంటుంది. రెండేళ్ళు ఏ లావాదేవీ లేకపోతే ఖాతా నిద్రాణమవుతుంది, పదేళ్ళు అలాగే పడి ఉంటే నిల్వ రిజర్వు బ్యాంకు నిర్వహించే డిపాజిటర్ల నిధికి పోతుంది. పద్దెనిమిదేళ్ళు నిండనివాళ్ళని సంతకందారులుగా పెట్టకూడదు. కానీ చిట్టా రాసే పని వాళ్ళకే అప్పగించాలని నా అభిప్రాయం. ఇంటర్ చదివే అమ్మాయి రెండేళ్ళు జమాఖర్చుల పుస్తకం రాసిందంటే, రేపు ఆమె ఏ పంచాయతీ బడ్జెట్ కాగితం చూసినా బెదరదు.

పండగ హడావిడిలో పూలవాళ్ళకీ, డప్పులవాళ్ళకీ, ఆటోవాళ్ళకీ చెక్కులెక్కడ ఇస్తాం అంటారు. ఇవ్వనక్కర్లేదు. నాలుగు రోజుల చిల్లర ఖర్చులకని ఒక మొత్తం ఇద్దరి సంతకంతో ఒకేసారి తీసి ఒకరి చేతిలో పెట్టాలి. ఆ మనిషి పుస్తకంలో తేదీ, ఎవరికి, దేనికి, ఎంత అని ఒక్కో గీత రాస్తాడు. పక్కనే తీసుకున్నవాళ్ళ సంతకమో వేలిముద్రో. ఉదాహరణకు సెప్టెంబరు 7, పూలదండలు, 850, సంతకం. సెప్టెంబరు 8, ఉండ్రాళ్ళకు బియ్యప్పిండి, 640, కొట్టు బిల్లు జతచేశాం. ఆ మొత్తం అయిపోయాక బిల్లులు గుచ్చి కోశాధికారికి ఇస్తే మళ్ళీ మరో మొత్తం తీస్తారు. టెంట్ హౌస్, సౌండ్ బాక్సులు, విగ్రహం లాంటి పెద్ద చెల్లింపులు మాత్రం నేరుగా ఖాతా నుంచే పోవాలి. ఇద్దరు కలిసి నడపాల్సిన ఖాతా నుంచి మామూలు యూపీఐ చెల్లింపు కుదరదు, నిజమే. కానీ డబ్బు రావడానికి సంఘం ఖాతాకే బ్యాంకు క్యూఆర్ కోడ్ ఇస్తుంది. పోవడానికి చెక్కు ఉంది. సంస్థల ఖాతాలకు ఒకరు వివరాలు నమోదు చేస్తే మరొకరు తన ఫోన్‌లోంచి ఆమోదించే ఇంటర్నెట్ బ్యాంకింగ్ కూడా ఉంది. రెండోవాడు దుబాయ్‌లో ఉన్నా అడ్డంకి లేదు.

వాట్సాప్ గ్రూపులో ఎప్పటికప్పుడు స్క్రీన్‌షాట్లు పెడుతున్నాం, ఇంతకన్నా పారదర్శకత ఏం కావాలి అనేవాళ్ళ వాదన మొదట వినగానే సబబుగానే తోస్తుంది. స్క్రీన్‌షాట్ చూపించేది డబ్బు వచ్చిన సంగతి మాత్రమే. పోయిన సంగతి అందులో ఉండదు. అసలు నిల్వ ఎంతో ఎవరికీ తెలియదు. పోయినేడాది మిగులు ఎంత, అది ఈ ఏడాది లెక్కలో ఎక్కడ కలిసింది అని అడిగిచూడండి, చాలా సంఘాల్లో జవాబు దొరకదు. మిగులే మన సంఘాలకు అసలు చిక్కు. పండగ ముగిసిన వారానికి అందరూ చెదిరిపోతారు, మిగిలిన పదకొండు వేలు ఒకరి ఖాతాలో కరిగిపోతాయి. దొంగతనంగా కాదు, తెలియకుండానే. బ్యాంకు పాస్‌బుక్కు ఆ పని చేయనివ్వదు. నిరుటి చివరి గీతలోని అంకెతోనే ఈ ఏటి మొదటి గీత మొదలవుతుంది.

ఊరు దాటి వచ్చే డబ్బు గురించి ఒక మాట విడిగా చెప్పక తప్పదు. అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉన్న ఊరివాడు బడికి బల్లలు కొనమని, లైబ్రరీ పెట్టమని పంపుతాడు. అతనికి ఇంకా భారత పాస్‌పోర్టు ఉంటే, తన సొంత కష్టార్జితం బ్యాంకు ద్వారా పంపితే ఇబ్బంది లేదు. అతను అక్కడి పౌరసత్వం తీసుకుని ఉంటే, ఓసీఐ కార్డు ఉన్నా సరే, అది విదేశీ విరాళమే. 2010 నాటి విదేశీ విరాళాల నియంత్రణ చట్టం కింద అనుమతి లేనిదే తీసుకోకూడదు. 2020 సవరణ తర్వాత ఆ డబ్బు ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో తెరిచిన ప్రత్యేక ఖాతాలోకే రావాలి. ఊళ్ళో కుర్రాడి సొంత ఖాతాకి పంపిస్తే చాలులే అనుకోవడం ఆ కుర్రాడిని పెద్ద చిక్కులోకి నెట్టడమే. పంపినవాడు వేల మైళ్ళ దూరంలో ఉంటాడు, సమాధానం చెప్పాల్సింది ఇతనే. దేశంలో ఉన్న బంధువుల ద్వారా, వాళ్ళ సొంత డబ్బుతో సాయం చేయించమని సంఘం మర్యాదగా చెప్పగలగాలి. అలా చెప్పగలిగేది నియమాలంటూ ఉన్న సంఘమే.

పదివేల రూపాయల చందాకి ఇంత అవసరమా అన్న ప్రశ్న మిగిలింది. ఒక్క పండగకి వీధిలో పదిళ్ళవాళ్ళు పోగేసుకుని, అదే వారంలో ఖర్చుచేసి, లెక్క గోడమీద అతికించి విడిపోతే ఖాతా అక్కర్లేదు. రసీదు పుస్తకం, గోడమీది లెక్క చాలు. కానీ పేరు పెట్టుకుని, ఏటేటా కార్యక్రమాలు చేస్తూ, దాతల్ని అడుగుతూ నడిచే సంఘానికి ఈ మినహాయింపు వర్తించదు. డబ్బు ఎప్పుడూ చిన్నదిగానే ఉంటుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. హైదరాబాదు దగ్గరి బాలాపూర్ వినాయకుడి లడ్డూ 1994లో మొదటిసారి వేలం వేసినప్పుడు పలికింది 450 రూపాయలు. 2024లో అది 30 లక్షల వెయ్యి రూపాయలు పలికింది. ప్రతి ఊరూ బాలాపూర్ కాదు. కానీ 450 రూపాయల నాడే పద్ధతి పెట్టుకున్న సంఘానికి డబ్బు పెరిగినప్పుడు కంగారుండదు. డబ్బు పెరిగాక పద్ధతి తెద్దామంటే, అప్పటికి డబ్బు చేతిలో ఉన్నవాడి పలుకుబడి కూడా పెరిగి ఉంటుంది. అప్పుడు రెండో సంతకం అడగడమే నిజంగా అవమానంగా మారుతుంది, సంఘం రెండుగా చీలుతుంది. తొలి సమావేశంలో, ఎవరి మీదా ఏ అనుమానమూ లేని రోజున, తీర్మానం రాసుకుంటే ఎవరికీ నొప్పి ఉండదు.

చందా ఇచ్చే పెద్దలకు, బయటి ఊళ్ళలో ఉండి పంపే అన్నలకు, అక్కలకు నా విన్నపం. ఈసారి కుర్రాళ్ళు వచ్చి ఫోన్ ముందుకు చాపినప్పుడు స్కాన్ చేసి, డబ్బు నొక్కే ముందు తెరమీద వచ్చే ఖాతాదారు పేరు చదవండి. అక్కడ సంఘం పేరు కాకుండా ఒక మనిషి పేరు కనిపిస్తే కోప్పడకండి, చందా ఇవ్వనని వెనక్కీ పంపకండి. రసీదు అడిగి తీసుకుని డబ్బు ఇవ్వండి. వచ్చే ఏడాది మాత్రం సంఘం ఖాతాకే ఇస్తానని, రిజిస్ట్రేషన్‌కయ్యే ఖర్చు నేను పెట్టుకుంటానని చెప్పండి. బ్యాంకుకి తోడు రమ్మంటే వెళ్ళండి.